పీట దిగి బల్లెక్కిన కంచం

మలంచా అంటే బెంగాలీలో పూలతోట. రవీంద్రనాథ్ ఠాకూర్ 1934లో ఇదే పేరుతో ఒక చిన్న నవల వెలువరించాడు. మా ఖరగ్‌పూర్‌లోని మలంచా పేటకి మాత్రం పూలవాసన కన్నా రైలుకూతతో చుట్టరికం ఎక్కువ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో పనికని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి బండెక్కి వచ్చినవాళ్ల మనవలూ మునిమనవలూ ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ వంటింటి గుమ్మం ముందు నేల తుడుచుకుని తిన్నవాళ్లే, రిటైరయ్యాక హాలున్న ఇల్లు అమరగానే భోజనబల్ల మాట ఎత్తుతారు. మా ఇంట్లోనూ అంతే జరిగింది. ఆ బల్ల కోసం గోల్‌బజారులో కొట్లు తిరిగి, మిస్త్రీలను అడిగి, పుస్తకాలు తిరగేసి పోగేసుకున్న విశేషాలివి.

మోకాళ్లే అసలు కారణం

బల్ల కొనడానికి హోదా కారణమనుకుంటారు గానీ, నేను చూసిన ఇళ్లలో ఎక్కువచోట్ల కారణం మోకాళ్లు. మా నాయనమ్మ కింద కూర్చుని తినగలిగేది, లేవలేకపోయేది. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి నా భుజానికి. కిందనుంచి లేవడం ఎంత పెద్ద పనో వైద్యులు కొలిచి చూశారు కూడా. బ్రెజిల్‌లో క్లాడియో జిల్ అరౌజో అనే వైద్యుడి బృందం 51 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లను సుమారు రెండు వేలమందిని నేల మీద కూర్చోబెట్టి లేవమంది. చెయ్యి, మోకాలు ఆనించకుండా కూర్చుని లేవగలిగినవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువకాలం బతికారని ఆ పరిశీలనలో తేలింది. 2012లో దాన్ని ప్రచురించారు. అంటే రోజూ మూడుపూటలా పీట మీద బాసింపట్టు వేసుకుని తిన్న తరానికి, తిండితో పాటే కాళ్లకీ నడుముకీ కసరత్తు అందేదన్నమాట. మోకాళ్లు బాగున్న పిల్లలు అప్పుడప్పుడైనా కింద కూర్చుని తినాలని నేను గట్టిగా అంటాను. అరిగిన మోకాళ్లను మాత్రం పట్టుబట్టి కింద కూర్చోబెట్టకూడదు.

పీట, పిఁడి

సంస్కృత పీఠం తెలుగులో పీట అయింది, బెంగాలీలో పిఁడి అయింది. మన పెళ్లిలో వధూవరులు పీటల మీద కూర్చుంటారు. పక్కింటి బెంగాలీ పెళ్లిలో వధువును పిఁడి మీద కూర్చోబెట్టి, అన్నదమ్ములు ఆ పిఁడినే ఎత్తి వరుడి చుట్టూ తిప్పుతారు. ఆమె తమలపాకులతో ముఖం దాచుకుంటుంది. అన్నప్రాశనకీ పిఁడి ఉండాల్సిందే. రెండు భాషలవాళ్లూ భోజనాన్ని బల్ల మీదికి మార్చారు గానీ, శుభకార్యాన్ని పీట మీంచి దింపలేదు.

మాటల బల్ల

బల్ల అచ్చతెలుగు మాట. వెడల్పాటి చెక్క అని అర్థం. కుర్చీ అరబ్బీ నుంచి వచ్చింది. మేజా అన్న మాట ఇప్పుడు ముసలివాళ్ల నోట తప్ప వినబడదు. పారశీకంలో మేజ్ అంటే బల్ల, పోర్చుగీసులో మెసా అన్నా బల్లే. విందుల్లో పాటకచేరీకి మనవాళ్లు వాడిన మేజువాణి కూడా ఆ పారశీకపు ఇంటిదే. మేజ్‌బాన్ అంటే ఆతిథ్యమిచ్చేవాడు. మలంచాలో ఈ మాటలేవీ కావు, ‘టేబిల్’ అంటారు, బెంగాలీ పలుకుబడితో. ఇంట్లో తెలుగు, కొట్లో బెంగాలీ, కార్ఖానాలో హిందీ కలిసిన ఊరిది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటివ్వాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం వెనక ముఖ్యంగా కనిపించింది మా ఊరి తెలుగువాళ్లే.

ఎంత బల్ల, ఎంత ఖాళీ

బల్ల దగ్గర మనిషికి 24 అంగుళాల వెడల్పు కావాలి, అంటే దాదాపు 60 సెంటీమీటర్లు. అంతకు తగ్గితే మోచేతులు తగులుతాయి. నలుగురికి నాలుగడుగుల బల్ల, ఆరుగురికి ఐదు నుంచి ఆరడుగుల బల్ల సరిపోతుంది. ఎత్తు మామూలుగా 28 నుంచి 30 అంగుళాలు, కుర్చీ కూర్చునే పలక 17 నుంచి 19 అంగుళాలు. ఈ రెంటి మధ్య 10 నుంచి 12 అంగుళాల తేడా ఉంటే అన్నం కలుపుకోవడానికి చెయ్యి హాయిగా ఆడుతుంది. చెమ్చాతో తినేవాళ్లకి బల్ల ఒక అంగుళం ఎత్తున్నా ఫర్వాలేదు. చేత్తో కలిపి ముద్ద చేసేవాళ్లకి ఆ అంగుళం భుజం దగ్గర తెలుస్తుంది. అందుకే పొట్టివాళ్లున్న ఇంట్లో 28 అంగుళాలే మేలని నా అభిప్రాయం.

జనం మరిచిపోయేది కుర్చీ వెనక చోటు. లాగి కూర్చోవడానికి 30 అంగుళాలు చాలు. కూర్చున్నవాళ్ల వెనక నుంచి ఇంకొకరు గిన్నె పట్టుకుని నడవాలంటే మాత్రం 36 అంగుళాలు కావాలి. మన ఇళ్లలో గిన్నె పట్టుకుని నడిచే మనిషి తప్పకుండా ఉంటుంది.

ఈ లెక్కను మా ఊరి కొలతలో చెప్పుకుంటే సరదాగా ఉంటుంది. ఖరగ్‌పూర్ స్టేషను ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. చాలాకాలం ప్రపంచంలో అదే పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్లి దాన్ని దాటాయి. ఆరడుగుల భోజనబల్లలు మా ప్లాట్‌ఫాం మీద వరసగా పేరిస్తే 586 పడతాయి. రెండు పక్కలా ముగ్గురేసి చొప్పున ఒకే బంతిలో 3516 మంది తినొచ్చు.

వడ్డించే చెయ్యి

బల్ల ఎంచేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూడమనేది వడ్డించే చేతిని. పాశ్చాత్యుల బల్ల కొలతలు తినేవాడి చుట్టూ అల్లినవి. గిన్నెలన్నీ మధ్యలో పెడతారు, ఎవరిది వాళ్లు వేసుకుంటారు. మన భోజనం అలా సాగదు. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు ఒకదాని తర్వాత ఒకటి రావాలి. ‘ఇంకొంచెం’ అని కొసరి వేసేవాళ్లుండాలి. బెంగాలీలదీ ఇదే పద్ధతి. మొదట చేదుగా శుక్తో, ఆపైన పప్పు, కూరలు, చేప, మాంసం, చివర చట్నీ, మిఠాయి. వరస తప్పితే మా పక్కింటి పెద్దాయన మొహం చిన్నబుచ్చుకునేవాడు.

అందుకని బల్ల వెడల్పు మూడడుగులు దాటకూడదు. మూడున్నర, నాలుగడుగుల బల్ల కొట్లో రాజసంగా కనిపిస్తుంది. ఇంటికొచ్చాక ఈ చివర నుంచున్న అమ్మ చెయ్యి ఆ చివరి కంచాన్ని అందుకోదు. ఆమె ముందుకు వంగాలి, లేదా చుట్టూ తిరగాలి. రోజుకి ముప్పైసార్లు వంగిన నడుము పదేళ్లలో ఏమవుతుందో ఆలోచించండి. తినేవాళ్ల మోకాళ్ల కోసం తెచ్చిన బల్ల, వడ్డించే మనిషి నడుము తియ్యకూడదు. అందరూ కూర్చుని ఎవరికి వాళ్లు వడ్డించుకునే ఇల్లయితే ఇంకా మంచిది, అప్పుడూ మూడడుగుల వెడల్పే అందుబాటుగా ఉంటుంది.

తిరిగే పళ్లెం

గుండ్రటి బల్లల మీద మధ్యలో తిరిగే పళ్లెం ఉంటుంది చూశారా, దాన్ని చైనాలో ఆరోగ్యం కోసం ప్రచారం చేసినవాడు ప్లేగు వైద్యుడు వూ లియెన్-తె. పెనాంగ్‌లో పుట్టి, 1910-11లో మంచూరియా ప్లేగును అదుపు చేసి పేరు తెచ్చుకున్నాడు. అందరూ ఒకే గిన్నెలో పుల్లలు ముంచి తింటే జబ్బులు పాకుతాయని, 1915లో తిరిగే పళ్లెమూ దాని మీద గిన్నె గిన్నెకీ వేరే గరిటా ఉండాలని రాశాడు. మన ‘ఎంగిలి’ పట్టింపుకి చైనాలో దొరికిన చుట్టం ఈ పళ్లెం. ఆవకాయ, మాగాయ, నెయ్యి, కారప్పొడి పెట్టుకోవడానికి ఇంతకన్నా అనువైనది లేదు.

గుగ్గిలం చెట్టు, టేకు చెట్టు

మా జిల్లాలో కర్ర అంటే ముందు సాల వృక్షం. మన గుగ్గిలం చెట్టే అది. దుర్గాపూజలో కళ్లు మండేలా పొగ లేపే ధునో ఈ చెట్టు బంకే. చేవ గట్టిది, బరువైనది, చెద త్వరగా పట్టదు. కర్ర స్లీపర్ల రోజుల్లో పట్టాల కింద పడుకుని రైళ్లను మోసింది ఎక్కువగా ఈ కర్రే. అంత గట్టిది కదా, బల్లకి బాగుంటుందనుకుంటారు. కాదు. చిత్రిక పట్టడానికి లొంగదు, ఎండేటప్పుడు పగుళ్లిస్తుంది, బరువు మోయలేం. గుమ్మాలకీ దూలాలకీ అది సరి.

పాత స్లీపర్లు కొని బల్లలు చేయించుకోవడం ఈమధ్య ముచ్చటగా మారింది. ఒక్క మాట చెప్పాలి. కొన్ని రకాల స్లీపర్లకి చెద పట్టకుండా క్రియోసోట్ అనే తారు నూనె ఎక్కించేవారు. దానివల్ల కేన్సర్ వచ్చే ప్రమాదం ఉందంటారు. నల్లగా తారు వాసన వచ్చే కర్ర పెరట్లో అరుగు కింద ఉండొచ్చు, అన్నం కింద ఉండకూడదు.

బల్లకి టేకును మించింది లేదు. పాతకాలపు కర్ర రైలుపెట్టెలకీ టేకే వాడారు. దానిలో సహజంగా ఉన్న నూనె నీటినీ చెదనూ దూరం పెడుతుంది. ఇసుకలో ఉండే సిలికా కూడా ఆ కర్రలో ఉంటుంది, అందుకే రంపం పళ్లు త్వరగా మొద్దుబారతాయి. ముఖ్యంగా తేమకి ఉబ్బడం, ఎండకి కుంచించుకుపోవడం తక్కువ. వైశాఖంలో నేల నెర్రెలిచ్చి, శ్రావణంలో గోడలు చెమర్చే ఊళ్లో ఈ గుణం విలువ చెప్పక్కర్లేదు. ఏ కర్రయినా పొడవున దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. అందుకని పై పలకను చట్రానికి మేకులతో బిగించేసే మిస్త్రీని ఆపండి. మరచీలు పట్టే బెజ్జాలు కోలగా తియ్యమనండి, కర్ర ఊపిరి పీల్చుకోవడానికి చోటుంటుంది.

లెక్క అడగడానికి మొహమాటపడొద్దు. ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలకకి ఒకటింపావు ఘనపుటడుగులు పడుతుంది. మూడంగుళాల చదరంలో రెండున్నర అడుగుల కాళ్లు నాలుగింటికి మరో 0.6. చుట్టూ పట్టీలకి 0.4. తరుగుతో కలిపి రెండున్నర నుంచి మూడు. మిస్త్రీ ఐదు అన్నాడంటే కూర్చుని మళ్లీ లెక్క కట్టించండి. కర్ర చివర చూడండి. ముదురు రంగున్నది చేవ, తెల్లటి అంచు చేవ పట్టని భాగం. పుచ్చు మొదలయ్యేది ఆ తెలుపులోంచే.

ఆకు కూడా బల్లే

అదే సాలవృక్షం ఆకులను వెదురు పుల్లలతో కుట్టి జంగల్‌మహల్ అడవిపల్లెల ఆడవాళ్లు విస్తళ్లు చేస్తారు. ఖరగ్‌పూర్‌లో బంతి భోజనమంటే అవే పరిచేవారు. మా ముత్తాతలు వదిలొచ్చిన ఉత్తరాంధ్ర మన్యంలో అడ్డాకు విస్తరి, మైదానంలో మోదుగాకు విస్తరి. చెట్టు మారింది, కుట్టు మారలేదు. ఈ ఆకు వెనక పెద్ద కథ కూడా ఉంది. 1972లో మా పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని అరబారిలో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ, నరికి నరికి మోడువారిన సాల అడవిని కాపాడే పనిని చుట్టుపక్కల పల్లెల చేతుల్లోనే పెట్టాడు. ఆకులు, పుల్లలు ఏరుకునే హక్కుతో పాటు, కలప అమ్మితే వచ్చే లాభంలో పాతికశాతం వాళ్లకే అన్నాడు. అడవి తిరిగి లేచింది. దేశమంతా పాకిన సమష్టి అటవీ యాజమాన్యానికి ఇక్కడే విత్తు పడింది.

చింతపండు పరీక్ష

పాలరాతి బల్ల చూడగానే మనసు లాగుతుంది. కొనేముందు మీ వంటింట్లో చింతపండు ఎంత ఖర్చవుతుందో గుర్తుతెచ్చుకోండి. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్, సున్నపురాయికి తోబుట్టువు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం, పెరుగులోని లాక్టిక్ ఆమ్లం మూడూ దాన్ని తింటాయి. పులుసు చుక్క పడి కాసేపాగితే మెరుపు పోయి మచ్చ నిలుస్తుంది. తుడిస్తే పోయే మరక కాదది, రాయే కరిగిపోయిన చోటు.

గ్రానైట్‌కి ఆ బాధ లేదు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి చుట్టుపక్కల క్వారీల నుంచి వచ్చే నీలి గ్రానైట్‌కి దేశదేశాల్లో గిరాకీ. బంగారు రంగు పలుకులు చుక్కల్లా మెరిసే ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయికీ అంతే. సొంతజిల్లా రాయి మీద అన్నం తినాలనే కోరిక మా వీధిలో చాలామందికి ఉంది. దాన్ని మోసే కాళ్లు చూసుకోవాలి మరి. ఐదడుగులు, మూడడుగుల పలక 18 మిల్లీమీటర్ల మందంలో 65 కిలోలు దాటుతుంది. అదే కొలతలో అంగుళం మందం టేకు పలక 23 కిలోల చిల్లరే.

సన్‌మైకాలో మైకా లేదు

గూడూరు, సైదాపురం గనుల అభ్రకం పేరు విననివాళ్లుండరు. దాన్నే ఇంగ్లీషువాళ్లు మైకా అంటారు, విద్యుత్ యంత్రాల్లో కరెంటును ఆపే పొరగా వాడేవారు. అమెరికాలో హెర్బర్ట్ ఫేబర్, డేనియల్ ఓకోనార్ అనే ఇద్దరు 1912లో దానికి బదులుగా రెసిన్‌తో కొత్త పొర చేసి, ‘మైకాకి బదులు’ అనే అర్థం వచ్చేలా ఫార్మైకా అని పేరుపెట్టారు. యంత్రాల కోసం పుట్టినది తర్వాత బల్లల మీదికొచ్చింది. మన సన్‌మైకా ఆ వంశానిదే. లోపలున్నవి కాగితం పొరలూ రెసినూ. వేడిగిన్నె పెట్టకపోతే, అంచులు ఊడకపోతే, ఇదంత తేలిగ్గా శుభ్రమయ్యేది ఇంకోటి లేదు. అడుగున ప్లైవుడ్డా, రంపపుపొట్టు అచ్చా అన్నది మాత్రం అంచు కింద వేలు పెట్టి చూడండి. పొట్టుతో చేసినది ఒక్కసారి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, మళ్లీ మామూలవదు.

పసుపు మరకకి ఎండ

పసుపు మరక మీద సబ్బు వేస్తే ఎర్రబడుతుంది. భయపడక్కర్లేదు. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు జరిగేదే ఇదీ. క్షారం తగిలితే ఆ రంగు మారుతుంది. వెలుతురు తగిలితే ఆ రంగుపదార్థం విరిగిపోతుంది కూడా, అందుకే పసుపు మరకని తుడిచి రెండు రోజులు కిటికీ ఎండ తగలనిస్తే వెలిసిపోతుంది.

గాజు

గాజును గట్టిపరచడానికి 600 డిగ్రీలు దాటేలా వేడిచేసి, గాలి కొట్టి చటుక్కున చల్లారుస్తారు. పైపొర బిగిసిపోయి, మామూలు గాజుకు నాలుగురెట్ల బలం వస్తుంది. పగిలినా కత్తుల్లా కాక గింజల్లా రాలుతుంది. బలహీనత అంతా అంచులోనే. ఒకసారి తయారయ్యాక కోయడం కుదరదు కాబట్టి కొలత ముందే సరిగ్గా ఇవ్వాలి. చిన్నపిల్లలున్న ఇంటికి నేను గాజు వద్దంటాను.

రాజుల బల్లలు

హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చుంటారు. గ్వాలియర్ జైవిలాస్ ప్యాలెస్ బల్ల మీద అయితే వెండి రైలు తిరుగుతుంది. పెట్టెల మీద సింధియా అని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చెక్కి ఉంటాయి. భోజనమయ్యాక పానీయాల సీసాలు మోసుకుంటూ పట్టాల మీద అతిథుల ముందుకొస్తుంది. ఎవరైనా సీసా ఎత్తితే ఆగుతుంది, తిరిగి పెడితే కదులుతుంది. మా ఊళ్లో ఫిట్టర్లకి ఈ సంగతి చెబితే రైలు వైభవం కన్నా, బరువు తగ్గగానే కరెంటు ఎలా తెగుతుందన్నదే ముందడిగారు.

కుర్చీల మాట

వియన్నా వడ్రంగి మైఖేల్ థోనెట్ ఆవిరితో కర్రను వంచి 1859లో చేసిన 14వ నంబరు కుర్చీని ఆరు ముక్కలుగా విప్పొచ్చు. ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. దాదాపు వందేళ్లకి, 1956లో, స్వీడన్ ఐకియాలో పనిచేసే గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఒక బల్లను కారులో పట్టించలేక కాళ్లు ఊడదీశాడు. విప్పి అమ్మడమే ఆ సంస్థ పద్ధతయింది. 2018 ఆగస్టు 9న దేశంలో తన మొదటి దుకాణాన్ని అది హైదరాబాదులోనే తెరిచింది. బదిలీ ఉద్యోగాలవాళ్లకి నేనూ కాళ్లు ఊడే బల్లే చెబుతాను.

మన పెద్దవాళ్లు కుర్చీ ఎక్కి కూడా కాళ్లు మడిచే కూర్చుంటారు. చేతులున్న కుర్చీలో అది కుదరదు. అందుకని చేతుల్లేని, వెడల్పు పలక ఉన్న కుర్చీలు రెండైనా ఉండాలి. ఒక పక్క కుర్చీలు, ఇంకో పక్క పొడుగు బెంచీ వేస్తే పండక్కి వచ్చిన పిల్లలు ముగ్గురికి బదులు ఐదుగురు ఇరుక్కుంటారు.

పాత పేపర్లు

డబ్బు కట్టేముందు ఒక పని చెయ్యండి. కొనాలనుకున్న బల్ల కొలతకి హాల్లో నేల మీద పాత పేపర్లు పరవండి. చుట్టూ ఇంట్లో ఉన్న కుర్చీలు వేసి మనుషుల్ని కూర్చోబెట్టండి. వడ్డించేవాళ్ల చేతికి అన్నం గిన్నె ఇచ్చి, చుట్టూ నడవమనండి. మేమలా చేసినప్పుడే ఆరడుగుల బల్ల కాస్తా ఐదడుగులకి దిగింది.

టేకు బల్ల ఇంటికొచ్చిన రోజు మా నాయనమ్మ దాన్ని చేత్తో నిమిరి, ‘ఏటర్రా, కంచం గుండెలకాడికొచ్చీసింది’ అంది. కూర్చుంటే ఆమె పాదాలు నేలకి అందలేదు, కాస్త పైన వేలాడాయి. మేము కొలిచిన కొలతల్లో అది లేదు. నాన్న అటక మీంచి ఆమె పాత పీట దించి, దుమ్ము తుడిచి, బల్ల కింద ఆమె కాళ్లకాడ పెట్టాడు.